రంగు వేసిన కురులకు నలుపు తగ్గించుట



తల నెరసిన స్త్రీ నల్లరంగు పూసికొనుట యెట్లో చెప్పువారు ప్రతి వీథిలోను గలరు. పూసికొన్న నలుపును వదలించుకొనుట యెట్లో చెప్పువారు మాత్రము మాకు చాలకాలము కానరాలేదు. ఆ యక్కర మాకు సంభవించెను. అందు మేము చేసిన పొరపాట్లను, పిమ్మట తెలిసికొన్న సంగతులను మీ ముందుంచినచో మావలె చిక్కునబడిన యొకరిద్దరికైనను మేలు కలుగునని యీ వ్యాసము వ్రాయుచున్నాము.

మన కావ్యములలో స్త్రీల కురులకు తుమ్మెదల బారులు, నీలిమబ్బులు, నెమలిపురులు ఇవియే ఉపమానములు. నెరసిన తలకు కవులు చోటిచ్చినది మిక్కిలి తక్కువ. చిన్ననాట మా తండ్రిగారు మాకు రఘువంశము పాఠము చెప్పుచుండగా 12వ సర్గారంభమున దశరథుని చెవిచెంతకు వచ్చిన నెరసిన వెండ్రుక ప్రసక్తి వచ్చెను. వార్ధకము కైకేయికి జంకి, పలితరూపమున రాజు చెవికడ జేరి, రాజ్యలక్ష్మిని రామునకు అప్పగింపుమని రహస్యముగా హెచ్చరించినదట. రాజునకు నెరసినచో అది వివేకమునకు గురుతు. గృహిణికి నెరసినచో పేరంటములో "అయ్యో, అప్పుడేనా!" యను జాలి.

ఈ జాలిని తప్పించుకొను యత్నము నేటిది కాదు. 6వ శతాబ్దమువాడగు వరాహమిహిరుడు బృహత్సంహితలోని గంధయుక్తి ప్రకరణమున, తల తెల్లనైనవారికి పూలును భూషణములును శోభింపవు గావున ముందుగా కేశరాగమును సేవింపవలెనని చెప్పి, ఇనుప పాత్రమును, లోహచూర్ణమును, పులుపును గల యొక యోగమును వివరించెను. ఉసిరిక, గుంటగలగర, గోరింట, నీలి యాకు మన యిండ్లలో తరతరములుగా వాడుకలోనున్నవే. కావున రంగు పూసికొన్న స్త్రీని ఆక్షేపించుట మా యుద్దేశము కాదు. మేమును పూసికొన్నవారమే.

మాకు గలిగిన చిక్కు

మాకు ముప్పదియవయేటనే పాపటకు ఇరుప్రక్కల నెరయ మొదలిడెను. మా పుట్టింట ఇది వంశముననే గలదు. మా వారు బడిపంతులు. వారికంటె మేమే పెద్దవారమువలె నున్నామని యొక పేరంటమున నెవరో నవ్వులాటకు అనిరి. ఆ మాట మనస్సున నాటుకొనెను. మరునాడే బజారునుండి నల్లరంగు పొట్లము తెప్పించితిమి. నాటినుండి నెలన్నర కొకతూరి పూసికొనుట యలవాటాయెను. అదియును మొదళ్లకు మాత్రమే చాలునని తెలియక, ప్రతి పర్యాయమును మొదటినుండి కొనదాక పట్టించుచుంటిమి.

చెవి వెనుక కొంచెము రాచి 48 గంటలు చూచిన పిమ్మటనే తలకు పూయవలెనని పొట్లముమీద వ్రాసియుండెను. నాలుగేండ్లలో నొక్కతూరియైనను మేమా పని చేయలేదు. మూడవయేట చెవుల వెనుక తీట పుట్టెను. కుంకుడురసము పడలేదనుకొంటిమి. నాలుగవయేట మా తమ్ముని పెండ్లికి రెండుదినములు ముందుగా రంగు పూసికొంటిమి. మరునాటి రాత్రికి మాడంతయు నిప్పులు పోసినట్లు మండెను. పెండ్లినాటి యుదయమునకు కనురెప్పలుబ్బి కండ్లు మూతపడెను. తమ్ముడు తలంబ్రాలు పోయుచుండగా మేము లోపలిగదిలో కండ్లపై తడిగుడ్డ వేసికొని పండుకొని యుంటిమి. మేళము వినబడుచుండెను. పెండ్లి చూడలేకపోతిమి.

జిల్లా పట్టణములోని చర్మవైద్యురాలు మందిచ్చి, "ఈ రంగులోని పదార్థము మీ శరీరమునకు పడదు. ఒకతూరి పుట్టిన యీ వికటము సాధారణముగా జీవితాంతము నిలుచును. ఇక నెన్నడును పూయకుడు" అని స్పష్టముగా చెప్పిరి. మాడు మానుటకు మూడు వారములు పట్టెను.

వాపు తగ్గినది గాని అసలు చిక్కు అప్పుడే మొదలాయెను. పాపటవద్ద తెల్లని వెండ్రుకలు మొలచి దిగుచుండెను. వాని క్రింద జడయంతయు బొగ్గునలుపు. నెరసిన తల యొక తీరు, నల్లని తల యొక తీరు. ఈ రెండింటి నడుమ గీత గీసినట్లున్న తల చూపరులకు వింతగా నుండెను. గుడికి పోవుటయు మానితిమి. మా వారు లెక్కల పంతులు గనుక కాగితము తీసి, "వెండ్రుక నెలకు అరయంగుళము పెరుగును. నీ జుట్టు ముప్పది యంగుళములు. అరువది నెలలు ఓపిక పట్టినచో నలుపంతయు పోవును" అనిరి. అరువది నెలలనగా ఐదేండ్లు! పొట్టిగా కత్తిరించుకొందమనగా మా యత్తగారు కండ్లనీరు పెట్టుకొని, "పసుపుకుంకుమలతోనున్న ఇల్లాలు జుట్టు తీయించుకొనుట మా యింట నెన్నడును లేదమ్మాయీ" అనిరి. ఆమె మాట త్రోసివేయ మనసొప్పలేదు. ఇక మిగిలినది నలుపును తగ్గించు ఉపాయమొక్కటియే.

రంగు వెండ్రుకలో నేమి చేయును?

ఉపాయము వెదకుటకు ముందు రంగు ఎట్లు పట్టునో తెలిసికొనవలెను. వెండ్రుకపైన పెంకుటింటి కప్పువలె ఒకదానిపై నొకటి పరచిన సన్నని పొలుసులుండును. లోపల కెరటిన్ అను మాంసకృత్తు దారములును, వాని నడుమ మెలనిన్ అను సహజవర్ణపు రేణువులును ఉండును. మెలనిన్ తగ్గినదే నెరపు. మాడు వెలుపలికి వచ్చిన వెండ్రుకలో ప్రాణము లేదు. దెబ్బతిన్న చర్మము మానునట్లు దెబ్బతిన్న వెండ్రుక మానదు. ఈ యొక్క సంగతి చక్కగా గుర్తుంచుకొనుడు.

బజారులో దొరకు శాశ్వతపు రంగులో సాధారణముగా అమ్మోనియావంటి క్షారము పెంకులను పైకెత్తును. పారాఫినైలీన్ డయమిన్ మొదలగు సూక్ష్మపదార్థములు రంగులేనివిగానే లోనికి జొచ్చును. హైడ్రోజన్ పెరాక్సైడు వానిని లోపలనే ఒకదానితో నొకటి కూర్చి పెద్ద వర్ణకణములుగా చేయును. చొచ్చినపుడు చిన్నవి, ఇప్పుడు పెద్దవి. కావున వచ్చినదారిని బయటికి పోలేవు. ఎన్ని తలంట్లు పోసికొన్నను ఆ నలుపు పోకపోవుటకు కారణమిదియే.

హైడ్రోజన్ పెరాక్సైడును 1818లో థెనార్ అను ఫ్రెంచి రసాయనవేత్త కనుగొనెను. దానితో వెండ్రుకలను తెలుపు చేయవచ్చునని 1867 నాటి పారిస్ ప్రదర్శనలో చూపిరి. 1907లో యూజీన్ షూలెర్ అను మరియొక ఫ్రెంచి రసాయనవేత్త కృత్రిమ కేశవర్ణమును చేసి క్షురశాలలకు అమ్మ మొదలిడెను. నేడు ఐరోపా దేశములలో కలిపిన రంగునందు పారాఫినైలీన్ డయమిన్ నూటికి 2 వంతులకు మించరాదని శాసనము గలదు. అమెరికాలోని స్పర్శజనిత చర్మవ్యాధుల వైద్యసంఘము 2006లో దీనినే ఆ సంవత్సరపు ముఖ్యమైన చర్మవైరిగా ఎన్నుకొనెను. మా తలకు తెలిసిన సంగతి వైద్యులకు ముందే తెలియును.

దీనినుండి మూడు సంగతులు తేలుచున్నవి. మొదటిది: నల్లరంగుమీద గోధుమరంగు పూసినంతమాత్రమున తల గోధుమరంగు కాదు. కాటుకమీద గంధము పూసినట్లగును. రెండవది: ఏ పదార్థముతో తెల్లబరచినను నలుపు తిన్నగా తెలుపు కాదు. అది ఎఱుపుగోధుమ, ఎఱుపు, నారింజ, పసుపు అను మెట్లు దిగుచు పోవును. మూడవది: రంగు తీసినంతనే పూర్వపు తల తిరిగి రాదు. రంగు వేసిన ప్రతిసారియు పెరాక్సైడు సహజవర్ణమును గూడ కొంత హరించియుండును. కావున లోపల మిగిలినది రాగిచాయయే యగును.

మరియు అన్ని నలుపులును ఒక్కటి కావు. పైపూతగా నుండి కొన్ని తలంట్లకే పోవు రంగులు గలవు. గోరింటలోని లాసోన్ అను పదార్థము కెరటిన్‌నే పట్టుకొనును గనుక దానిని కడిగి తీయుట సాధ్యము కాదు. నీలియాకు నలుపుమీద తెల్లబరచు మందు పూసినచో ఆకుపచ్చ చాయ తేలవచ్చును. లోహపు ఉప్పులుగల రంగులు మరియు అపాయకరములు. వానిమీద పెరాక్సైడు పడినచో వెండ్రుక వేడెక్కి చెడిపోవచ్చును. కావున పూసినదేమో తెలియని తలమీద తెల్లబరచు మందు పూయరాదు.

మేము చేసిన తప్పులు

ఈ సంగతులేవియు తెలియకముందు మేము రెండు పనులు చేసితిమి.

నిమ్మరసము పట్టించి యెండలో కూర్చున్నచో నలుపు విరుగునని యొక పొరుగావిడ చెప్పగా, రెండు ఝాములు మేడమీద కూర్చుంటిమి. నలుపు ఇసుమంతయు తగ్గలేదు. రెండవనాడు నుదుట రసము కారినచోట్ల చర్మము కంది, పిమ్మట గోధుమవర్ణపు చారలై, అవి పోవుటకు రెండునెలలు పట్టెను. నిమ్మరసము పడిన చర్మమునకు ఎండ తగిలినచో ఇట్లు కాలుట కలదని వైద్యురాలు చెప్పిరి. పచ్చడికలిపిన చేతులతో ఎండలో తిరుగువారుకూడ ఈ మాట గమనింపవలెను.

రెండవది వంటసోడా. దానిని తలంటు ద్రవములో కలిపి నాలుగు పర్యాయములు రుద్దితిమి. క్షారగుణమువలన పెంకులు లేచి, జుట్టు కొబ్బరిపీచువలె నాయెను. దువ్వెనకు చిక్కి తెగుచుండెను. పోయిన నలుపు స్వల్పము, కలిగిన నష్టము పెద్దది.

మేము చేయనిది, ఎవరును చేయరానిది ఇంకొకటి గలదు. గచ్చులు కడుగు బ్లీచింగు పొడిని, బట్టల మరకలు తీయు ద్రవమును తలకు వాడరాదు. అవి వేఱుజాతి మందులు. తలమీది చర్మమును, కండ్లను కాల్చును. రెండు మందులు కలిపిన విషవాయువులు కూడ పుట్టవచ్చును.

మూడు చిక్కుల పరీక్ష

ఇక తలమీద ప్రయోగములు చేయరాదని మా వారు పట్టుబట్టిరి. "బడిలో పిల్లలకు పరీక్ష ముందు, ఫలితము వెనుక. నీవు ఫలితము ముందు కోరుచున్నావు" అనిరి. అప్పుడు మాకొక యాలోచన తోచెను. దువ్వినపుడు రాలిన చిక్కును, వీథిలోనికి వచ్చి గిన్నెల కిచ్చుకొనువాని నిమిత్తమై, మేము సంచిలో దాచుదుము. ఆ సంచిలోని రంగువెండ్రుకలను మూడు కట్టలుగా దారముతో కట్టి, గాజుపలకలమీద నుంచి, చేతితొడుగులు వేసికొని మూడు మందులు పరీక్షించితిమి.

మొదటి కట్టకు విటమిన్ సి. దీనిని ఆస్కార్బిక్ ఆమ్లమనియు అందురు. తెల్లని పొడిని తలంటు ద్రవములో ముద్దగా కలిపి గంటసేపుంచితిమి. కడుగగా నలుపుమీది మెఱుపు తగ్గి కొంచెము గోధుమచాయ తేలెను. ఇటీవల వేసిన రంగునకు ఇది కొంత పనిచేయును. పాతదానికి చాలదు. వెండ్రుకకు హాని మాత్రము స్వల్పము.

రెండవ కట్టకు క్షురశాలలలో వాడు తెల్లబరచు పొడి. ఇందు పెర్సల్ఫేటులుండును. పెరాక్సైడు ద్రవముతో కలిపి పూయుదురు. ఆ ద్రవము నూటికి 6, 9, 12 పాళ్ల బలములలో దొరకును. బలము పెరిగినకొలది వేగమును, హానియు పెరుగును. 6 పాళ్లదే తీసికొంటిమి. అరగంటకు కట్ట కాల్చిన యిటుకవలె, ముప్పావుగంటకు నారింజవలె నాయెను. కడిగి తడిగానున్నపుడు రెండు కొసలు పట్టి లాగగా జిగురువలె సాగి తెగెను. సోడాతో మునుపే చెడిన వెండ్రుక గదా! ఈ కట్టను చూచిన పిమ్మట తెల్లబరచు పొడి జోలికి పోరాదని నిశ్చయించుకొంటిమి. ఆ పొడి గాలిలో లేచి ఉబ్బసము కలిగింపగలదు. మా అత్తగారికి ఉబ్బసము గలదు.

మూడవ కట్టకు రంగు తీయు ద్రవము. ఇది రెండు సీసాలుగా వచ్చును. కలుపగానే పూయవలెను. ఇందలి గంధకసంబంధమైన పదార్థములు పెద్దవైన వర్ణకణములను మరల చిన్నవిగా తెంచును. అవి నీటితో కొట్టుకొనిపోవును. సహజవర్ణమును ఇది తాకదు. వెండ్రుకను తెల్లబరచదు. వాసన మాత్రము మురిగిన గ్రుడ్డు వాసన. ఇరువది నిమిషముల పిమ్మట బాగుగా కడుగగా కట్ట ముదురు బెల్లపురంగునకు వచ్చెను. లాగినను తెగలేదు. శాశ్వతపు బజారు రంగులకే ఇది పనిచేయును. గోరింటకు, నీలికి, లోహపు రంగులకు పనిచేయదు.

మా వారు మూడు కట్టలను కాగితమున కంటించి క్రింద మార్కులు వేసిరి. మూడవదానికి నూటికి డెబ్బది వచ్చెను.

మేము చేసిన విధము

ఐనను తొందరపడలేదు. ఈ మందు వాడవచ్చునా యని చర్మవైద్యురాలి నడిగితిమి. ఆమె నాలుగు షరతులు పెట్టిరి. మాడు పూర్తిగా మానిన పిమ్మట, మొదళ్లు మూడంగుళములైనను పెరిగినమీదటనే చేయవలెను. మందును ముందుగా మోచేతి మడతలో రాచి 48 గంటలు చూడవలెను. మందు మాడును తాకరాదు. ఏలయన తెగిన రంగు నీటితో కలిసి కారును, అది మాకు పడని పదార్థమునకు చుట్టము. తల ముందునకు వంచి కడుగవలెను, ఆ నీరు ముఖముమీదను మెడమీదను పారరాదు. కావున ఆరునెలలు ఆగితిమి. ఆ ఆరునెలలును వారమున కొకమారు కొబ్బరినూనె పట్టించి పిమ్మట తలంటుకొంటిమి. తలంటుటకు ముందు పట్టించిన కొబ్బరినూనె వెండ్రుకలోని మాంసకృత్తు కరగిపోకుండ కొంత కాపాడునని రేలే, మోహిలే అను మన దేశపు పరిశోధకులు 2003లో ప్రకటించిరి. మన ముత్తవ్వలు చేసిన పనియే!

ఆరునెలలు నిండిన ఆదివారమున మా తోడికోడలు సాయమురాగా పని ప్రారంభించితిమి. కిటికీలన్నియు తెరచితిమి. జుట్టును నాలుగు పాయలుగా విడదీసి, తెల్లని మొదళ్లకు నూనె రాచి గుడ్డతో చుట్టి, దానికి రెండంగుళముల క్రిందనుండి మాత్రమే మందు పూయించుకొంటిమి. లోహపు పాత్రలు వాడలేదు, గాజుగిన్నెయు ప్లాస్టిక్ కుంచెయు వాడితిమి. ఇరువది నిమిషములు గడియారము చూచితిమి. పిమ్మట పెరటి కుళాయివద్ద వంగి, ధారక్రింద జుట్టునుంచి పావుగంటకు పైగా కడిగితిమి. ఈ కడుగుటయే ఈ పనికంతటికిని ప్రాణము. తెగిన కణములు లోపల మిగిలినచో గాలిలోని ఆమ్లజని తగిలి అవి మరల కూడుకొనును. నిన్న గోధుమగా నున్న తల రేపటికి నల్లబడును. చాలమంది మందును తిట్టుదురు గాని తప్పు నీటియందలి పిసినారితనమునదే.

జుట్టు ఆరిన పిమ్మట అద్దమున చూచుకొంటిమి. నడిమి భాగము రాగిచాయ తిరిగిన గోధుమరంగునకు వచ్చినది. కొనల పదియంగుళములు మాత్రము నల్లగానే మిగిలినవి. ప్రతిసారియు కొనదాక పూసిన రంగు పొరలుపొరలుగా అక్కడ పేరుకొన్నది. సోడాచేత చివరలు చీలియు నుండెను. ఇంకొకమారు మందు పూయుటకు మాకు ధైర్యము చాలలేదు.

అప్పుడు మా యత్తగారే దగ్గరకు వచ్చి కొనలు చేతబట్టి చూచి, "ఇది జుట్టు కాదమ్మాయీ, పీచు. కొన తుంచిన మొక్క చిగురించును. ఈ మాత్రము తీయించుకొనుము" అనిరి. వెండ్రుక మొక్క కాదనియు, కొన తీసినంతమాత్రమున మొదలు వేగముగా పెరుగదనియు మా వారు శాస్త్రము చెప్పబోగా, వారిని కనుసైగతో వారించితిమి. వచ్చిన యనుమతిని శాస్త్రముచే పోగొట్టుకొందుమా!

ఇక తెల్లని మొదళ్లు మిగిలినవి. మాకు బజారు రంగు నిషిద్ధము. గోరింటపొడి పేర అమ్మునవి గూడ నమ్మరాదు. త్వరగా నల్లగా పట్టునని చెప్పు "నల్లగోరింట" పొట్లములలో పారాఫినైలీన్ డయమిన్ కలిపినవి గలవు. కావున మా పెరటిలోని గోరింటాకునే కోసి, నీడన ఎండబెట్టి, దంచి, వస్త్రగాలితము పట్టితిమి. దానినిగూడ చెవివెనుక రాచి రెండుదినములు చూచితిమి. ఈసారి మరువలేదు. మందు వాడిన పదునైదు దినములకు టీడికాషనుతో కలిపి మొదళ్లకు పట్టించితిమి. తెల్లని వెండ్రుకలు నారింజ కలిసిన రాగిరంగైనవి. క్రింది గోధుమచాయతో అవి పూర్తిగా కలియలేదు గాని గీత మాయమాయెను. దూరమునుండి చూచువారికి ఒక్క తలవలె కానవచ్చుచున్నది. మాకు కావలసినదియు నంతియే.

మఱచిపోరాని జాగ్రత్తలు

మావలె వికటము లేనివారును ఈ పని తలపెట్టినపుడు కొన్ని నియమములు పాటింపవలెను. రాలిన వెండ్రుకలమీదనో, వెనుకప్రక్కనున్న యొక సన్నని పాయమీదనో ముందు పరీక్షింపుడు. తెల్లబరచు పొడి వాడదలచినచో అలవాటుగలవారి చేతనే చేయించుకొనుడు. మాడుదగ్గర శరీరపు వేడిమిచే మందు వేగముగా పనిచేయును గనుక మొదళ్లు పసుపుగను, కొనలు నల్లగను మిగులుట కలదు. మాడుమీద పుండ్లు, గీతలు ఉన్నపుడు ఏమియు పూయరాదు. కంట పడినచో వెంటనే మంచినీటితో చాలసేపు కడిగి వైద్యుని చూడవలెను. కనుబొమలకును, రెప్పలకును ఏ రంగును, ఏ మందును పూయరాదు. నలుపును ఒక్కదినమున దింపవలెనను పంతము పట్టకుడు.

ఇంకొక మాట. తలరంగు పొట్లములును సీసాలును పిల్లలకు అందనిచోట తాళమువేసి యుంచుడు. ఇది కడుపులోనికి పోయినచో గొంతువాచి ఊపిరి సలుపదు. పిమ్మట కండరములును మూత్రపిండములును చెడును. ప్రత్యేకమైన విరుగుడు లేదు. మన రాయలసీమ ఆసుపత్రులలో ఇట్టి కేసులను వైద్యులు పలుమారులు చూచి వ్రాసియున్నారు. క్షణమాలసింపక ఆసుపత్రికి చేర్చుటయే తరుణోపాయము.

తల నలుపు చేసికొనవచ్చునా కూడదా యను తగవు మేము పెట్టుకొనము. ఎవరి యిష్టము వారిది. పూయదలచినవారు చెవివెనుక పరీక్ష మానకుడు. తీట పుట్టినచో దానిని చిన్నదిగా ఎంచకుడు. మేమా తీటను లెక్కచేసియున్నచో మా తమ్ముని పెండ్లి కన్నులార చూచియుందుము.

మొన్న శుక్రవారమున మా యత్తగారు మమ్ము ఎదుట కూర్చుండబెట్టుకొని నూనె రాచి జడ వేసిరి. పూర్వము నడుము దాటిన జడ ఇప్పుడు వీపు నడుమకే వచ్చుచున్నది. మా పదేండ్ల యమ్మాయి ప్రక్కనే నిలిచి చూచుచు, "అమ్మా, ఇదేమి రంగు?" అని యడిగెను. "గోరింటరంగు" అంటిమి. "ఆ క్రింద?" అనెను. "ఆ క్రింద తెలుపు" అని నిజము చెప్పితిమి. అది తలయూచి ఆటకు పోయెను. మా యత్తగారు జడకొనకు మల్లెలు చుట్టి, "పదండి, దీపాలవేళకు గుడికి పోయివత్తము" అనిరి. ఏడాది పిమ్మట గుడికి పోవుట మాకు అదే మొదలు.